అంబాసిడర్ ఇంజను తిరిగి బిగించేటప్పుడు ఆయిల్ కారకుండా ఏం చేయాలి

ఓవర్‌హాల్ అయిన అంబాసిడర్ నెల తిరక్కుండానే ఇంటి ముందు నల్ల మరకలు పెడుతుంటే, చాలామంది ప్యాకింగును (అతుకుల మధ్య వేసే గాస్కెట్టును) తిట్టి ఇంకో ట్యూబు సీలెంటు కొంటారు. ఎక్కువ మట్టుకు తప్పు ప్యాకింగుది కాదు. మూత కూర్చునే అంచు వంగి ఉంటుంది, లేదంటే ఇంజను లోపలి గాలి బయటికి పోయే దారి (బ్రీదర్) మూసుకుపోయి ఉంటుంది. ఈ రెండూ సరిచేయకుండా ఎంత సీలెంటు పూసినా, ఎంత గట్టిగా బిగించినా ఆయిల్ దారి వెతుక్కుంటుంది. గట్టిగా బిగిస్తే ఇంకా చెడుతుంది కూడా.

ఇక్కడ చెప్పేది అంబాసిడర్లలో దశాబ్దాలపాటు నడిచిన 1489 సీసీ బీఎంసీ బి-సిరీస్ పెట్రోలు ఇంజను గురించి. 1990లలో వచ్చిన ఇసుజు 1800 ఇంజనుకు క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనక రబ్బరు సీలు ఉంటుంది కాబట్టి, వెనక మెయిన్ బేరింగు (క్రాంకును మోసే బేరింగుల్లో చివరిది) గురించి కింద రాసింది దానికి వర్తించదు. అంచులు సాఫ్ చేయడం, తిన్నగా చేయడం లాంటి సాధారణ జాగ్రత్తలు మాత్రమే దానికీ పనికొస్తాయి.

విప్పకముందే చూడాల్సినవి

ఆయిల్ ఎక్కడ చుక్క పడుతోందో చూసి, లీకు అక్కడే ఉందనుకోవద్దు. ఆయిల్ కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పోతుంది. రాకర్ కవరు (ఇంజను పైమూత) వెనక మూల చెమర్చినా ఆ ఆయిల్ బ్లాకు వెంట దిగి క్లచ్ హౌసింగు కింద చుక్క పెడుతుంది. దాన్ని చూసి వెనక మెయిన్ పోయిందని గేరుబాక్సు దించేసేవాళ్లున్నారు.

ముందు ఇంజనును కిరోసిన్‌తో, తర్వాత డిటర్జెంటు నీళ్లతో కడగండి. కార్బొరేటర్‌కూ డిస్ట్రిబ్యూటర్‌కూ పాలిథీన్ కవరు కట్టి మరీ కడగాలి. పూర్తిగా ఆరాక బ్లాకు పక్కలా, సంపు (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) అంచు మీదా టాల్కమ్ పౌడరు చల్లి ఓ ఇరవై కిలోమీటర్లు నడపండి. తడిసిన చోట్లలో అన్నిటికంటే పైనున్నదే మీ లీకు.

క్లచ్ హౌసింగు కింద చిన్న రంధ్రం, అందులో వదులుగా ఊగే స్ప్లిట్ పిన్ను ఉంటాయి. లోపల చేరిన ఆయిల్ బయటికి పోవడానికే ఆ రంధ్రం. అక్కడ చుక్క కనిపిస్తే వేలితో తీసుకుని తెల్ల కాగితం మీద రాయండి. మసిలా నల్లగా ఉంటే అది ఇంజను ఆయిల్. రంగు మారకుండా తేటగా ఉంటే గేరుబాక్సు ముందు వైపు నుంచి వస్తోందేమో చూడాలి.

విప్పేముందు ఇంకో పరీక్ష. ఇంజను వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి ఆయిల్ పోసే మూత తీసి, ఆ నోటి మీద అరచేయి పెట్టండి. కాస్త గాలి తగలడం మామూలే. అరచేతిని తోసేంతగా పొగతో పఫ్ పఫ్‌మని కొడుతుంటే పిస్టన్ రింగుల పక్క నుంచి గ్యాసు కిందికి దిగుతోందని అర్థం. అలాంటి ఇంజనుకు కంప్రెషన్ చూసి, బోరు, రింగుల పని చేయించకుండా ప్యాకింగులు మార్చడం డబ్బు దండగ. లోపల ఒత్తిడి నిలిస్తే అది ఆయిల్‌ను ప్రతి అతుకు నుంచీ బయటికి నెడుతూనే ఉంటుంది.

అంచులు సాఫ్ చేయడం, తిన్నగా చేయడం

మొత్తం పనిలో సగం టైము ఇక్కడే పెట్టండి.

పాత ప్యాకింగును ఇత్తడి పట్టీతోనో, అంచు చెక్కిన గట్టి చెక్కతోనో గీకాలి. ఉలి, స్క్రూడ్రైవరు వాడితే గీత పడుతుంది. అతుకుకు అడ్డంగా పడిన ఒక్క గీత చాలు, ఆయిల్‌కు కాలువ అవుతుంది. ఊడని చోట థిన్నరు తడిపిన బట్ట పది నిమిషాలు వేసి ఉంచితే మెత్తబడుతుంది. ఎమరీ క్లాత్‌తో రుద్దాల్సి వస్తే ముందు బ్లాకు నోర్లన్నీ బట్టలతో మూయండి. ఎమరీ రజను బేరింగులోకి పోతే చేసిన ఓవర్‌హాల్ అంతా పోయినట్టే.

ఇక సంపు. అది రేకు. దాని బోల్టు రంధ్రాల చుట్టూ వేలు పెట్టి తడమండి. ఏళ్ల తరబడి ఎవరెవరో గుంజి బిగించి ఉంటారు కాబట్టి ప్రతి రంధ్రం చుట్టూ రేకు బ్లాకు వైపుకు ఉబ్బి ఉంటుంది. అలాంటి సంపును బిగిస్తే రంధ్రం దగ్గర ప్యాకింగు నలిగిపోతుంది, రెండు బోల్టుల మధ్య మాత్రం సందు మిగిలిపోతుంది. ఆయిల్ వచ్చేది ఆ సందులోంచే. బోల్టు ఇంకా బిగిస్తే ఉబ్బు పెరుగుతుంది, సందూ పెరుగుతుంది.

దీన్ని చూడటానికి ఖరీదైన సర్ఫేస్ ప్లేటు అక్కర్లేదు. వరంగల్, కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైటు పనికి కొదవ లేదు, పాలిష్ పట్టిన రాయి తుంట ముక్క ఎక్కడైనా దొరుకుతుంది. సంపు పొడవుకు సరిపోయే ముక్క ఒకటి తెచ్చుకోండి. ఈ పనికి కావాల్సినంత తిన్నదనం దానికి ఉంటుంది. సంపును బోర్లించి పక్క అంచులు రాయి మీద ఆనేలా పెట్టి, లోపల చిన్న టార్చి వెలిగించి ఉంచండి. షెడ్డులో లైటు ఆర్పితే ఏ బోల్టుల మధ్య వెలుతురు గీత కనిపిస్తోందో అక్కడ సందు ఉన్నట్టు. ఫీలర్ గేజులో (సందు కొలిచే పలచటి రేకుల కట్టలో) 0.25 మిల్లీమీటర్ల రేకు దూరితే ఆ అంచును తప్పకుండా కొట్టి సరిచేయాలి.

కొట్టే పద్ధతి ఇది. ప్యాకింగు ఆనే ముఖం పైకి వచ్చేలా అంచును గట్టి చెక్క దిమ్మె మీద పెట్టండి. గుండు తల సుత్తితో ఉబ్బిన రంధ్రం చుట్టూ చిన్న చిన్న దెబ్బలు వేయండి. ఒక్క దెబ్బతో దించాలని చూడొద్దు. రంధ్రం చుట్టూ ఉన్న భాగం మిగతా అంచు కన్నా వెంట్రుకవాసి లోతుకు పోయినా మంచిదే, పైకి మాత్రం ఉండకూడదు. మళ్లీ రాయి మీద పెట్టి చూడండి. రాకర్ కవరు, టైమింగ్ కవరు (ఇంజను ముందు మూత), ట్యాపెట్ సైడ్ కవర్లు (పక్క మూతలు) అన్నిటికీ ఇదే పరీక్ష చేయాలి.

బోల్టుల సంగతి కూడా చూడండి. ఈ ఇంజను మరలు అంగుళాల కొలతవి. ఎక్కడో ఒక చోట మిల్లీమీటర్ల బోల్టు తోసి బిగించినవాళ్లు ఉంటారు, ఆ మర చచ్చిపోయి ఉంటుంది. పాత బోల్టు ఒకటి దుకాణానికి తీసుకెళ్లి దానికి జోడీ అడగండి. రంధ్రాల్లో ట్యాప్ తిప్పి, గాలి కొట్టి, అడుగున ఆయిల్ నిలవకుండా చూడండి. అడుగు మూసిన రంధ్రంలో ఆయిల్ ఉంటే బోల్టు బిగిసినట్టే అనిపిస్తుంది, మూత మాత్రం వదులుగా ఉంటుంది.

ఆఖరి తుడుపు కిరోసిన్‌తో చేయకండి, అది జిడ్డు పొర వదులుతుంది. థిన్నరుతో తడిపిన, నూలు పోగులు ఊడని బట్టతో తుడవాలి. ఎనుమాముల మార్కెట్ వైపు షెడ్డు అయితే పత్తి సీజనులో గాలిలో నూగు తిరుగుతుంటుంది. తుడిచిన వస్తువు మీద వెంటనే కాగితం కప్పండి. సీలెంటు పూసిన అంచు మీద ఆ నూగు పడితే పోగు పొడవునా ఆయిల్ చెమరుస్తుంది.

వెనక మెయిన్ బేరింగు

ఈ ఇంజనులో జనం ఎక్కువగా అపార్థం చేసుకునేది ఈ చోటునే. ఇక్కడ రబ్బరు సీలు లేదు. క్రాంకు వెనక భాగం మీద స్క్రూ మరలాంటి గాడి కోసి ఉంటుంది. క్రాంకు తిరుగుతుంటే ఆ గాడి, బయటికి రాబోయిన ఆయిల్‌ను మళ్లీ లోపలికి తోస్తుంది. ఇంజను ఆగితే ఆ గాడి పని కూడా ఆగిపోతుంది. కాబట్టి బండి ఆపాక ఒకటి రెండు చుక్కలు పడటం ఈ డిజైనులోనే ఉన్న సంగతి. ముక్కు పైకి ఉండేలా ఏటవాలులో నిలిపితే ఇంకో చుక్క పడుతుంది. చుక్కను పూర్తిగా ఆపుతామని మాటివ్వకుండా, అది ధార కాకుండా చూడటమే ఇక్కడ పని.

గాడికీ, దాని చుట్టూ ఉన్న బ్లాకు, క్యాపు (బేరింగును కింద నుంచి పట్టి ఉంచే ముక్క) గూటికీ మధ్య సందు సన్నగా, అన్ని వైపులా సమానంగా ఉండాలి. మెయిన్ బేరింగులు అరిగితే క్రాంకు కిందికి కూర్చుంటుంది. పైన సందు పెరుగుతుంది, కింద గాడి గూటికి రాసుకుంటుంది. పైగా అరిగిన బేరింగు నుంచి వచ్చే ఆయిల్ కూడా ఎక్కువే. గాడి అంత తోయలేక వదిలేస్తుంది. అందుకే వెనక లీకుకు మందు సీలెంటు కాదు, సరైన సైజు బేరింగులు. క్రాంకు గ్రైండింగుకు ఇచ్చినప్పుడు గాడి ఉన్న భాగాన్ని ముట్టుకోవద్దని లేత్ షాపులో ముందే చెప్పండి. మెరుగు పెట్టాలని దాని మీద ఎమరీ పట్టిస్తే గాడి అంచుల పదును పోతుంది.

కొత్త షెల్లులు (బేరింగు అర చిప్పలు) వేసి, క్రాంకు కూర్చోబెట్టి, క్యాపులన్నీ మాన్యువల్ చెప్పిన టార్కుకు (బిగింపు బలానికి) బిగించి, గాడి చుట్టూ నాలుగు చోట్ల ఫీలర్ పెట్టి చూడండి. ఒక వైపు బిగువుగా, ఎదురు వైపు వదులుగా ఉంటే క్యాపు తప్పు కూర్చుందనో, వేరే ఇంజనుదనో అర్థం. క్యాపులు బ్లాకుతో కలిపి బోరు చేసినవి. ఒకదానిది మరొకదానికి పనికిరాదు. సందు తగ్గించడానికి క్యాపును ఆకురాయితో గీయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

వెనక క్యాపులో గాడి దగ్గర చేరిన ఆయిల్ మళ్లీ సంపులోకి దిగడానికి ఒక దారి ఉంటుంది. పాత ఇంజన్లలో అది మడ్డితో పూడిపోయి ఉంటుంది. సన్న తీగతో పొడిచి, పెట్రోలు పోసి, అవతల నుంచి కారుతోందో లేదో చూడండి. వెనక లీకులు కొన్ని ఈ ఒక్క పనితోనే బాగవుతాయి.

క్యాపు ఆఖరిసారి బిగించేటప్పుడు దాని అడ్డ ముఖాల మీద, అంటే బ్లాకుకు ఆనే చదును భాగం మీద, గట్టిపడని రకం సీలెంటును పలచటి పొరగా రాయండి. హైలోమార్ లాంటిది ఇందుకు సరిపోతుంది. వేలితో రాసి, మళ్లీ వేలితోనే తుడిచినంత పలచగా ఉండాలి. మందంగా ఉంటే క్యాపు ఇనుముకు ఇనుము ఆనకుండా లేస్తుంది, బేరింగు క్లియరెన్సు పెరుగుతుంది. షెల్లు దరిదాపులకు కూడా సీలెంటు పోకూడదు.

వెనక ప్లేటు ఊడి ఉండగానే బ్లాకు వెనక ఉన్న ఆయిల్ గ్యాలరీ (లోపలి ఆయిల్ కాలువ) ప్లగ్గులు చూడండి. అక్కడ పంపు ఒత్తిడితో ఆయిల్ ఉంటుంది. చెమర్చిన ప్లగ్గు మీద వెనక ప్లేటు బిగిస్తే అది మళ్లీ గేరుబాక్సు దించే దాకా కనిపించదు. ప్లేటుకూ బ్లాకుకూ మధ్య ఉండే కాగితం ప్యాకింగు కొత్తది వేయాలి.

ముందు వైపు

టైమింగ్ కవరులో పాత ఇంజన్లకు ఫెల్ట్ (నొక్కిన ఉన్ని) సీలు, తర్వాతి వాటికి రబ్బరు సీలు ఉంటాయి. ఫెల్ట్ అయితే వేసేముందు ఇంజను ఆయిల్‌లో నాననివ్వండి. రబ్బరుదైతే స్ప్రింగు ఉన్న వైపు ఇంజను లోపలికి ఉండాలి, పెదవికి కాస్త గ్రీజు రాయాలి. గ్రీజు లేకుండా పొడిగా దాన్ని నడపకూడదు, మొదటి నిమిషంలోనే పెదవి కాలిపోతుంది.

ఈ రెండు రకాల కవర్లకూ లోపలి ఆయిల్ త్రోయరు రేకులు (సీలు నుంచి ఆయిల్ పక్కకు విసిరేవి) వేరు. ఒక బండి కవరు, ఇంకో బండి త్రోయరు కలిస్తే కొత్త సీలు కూడా కారుతుంది. కవరుతో పాటే త్రోయరు మార్చండి. గుంటగా ఉన్న ముఖం, లేదా ఎఫ్ అక్షరం ఉన్న ముఖం రేడియేటర్ వైపుకు ఉండాలి.

పుల్లీ గొట్టం మీద సీలు తిరిగిన చోట గోరుతో అడ్డంగా గీయండి. గోరు ఆగితే గాడి పడిందన్నమాట. పలచటి స్టీలు స్లీవు దొరికితే అది ఎక్కించడం మేలు. దొరక్కపోతే సీలును కవరులో ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెట్టి పెదవి కొత్త చోట ఆనేలా చేయండి. లేత్ మీద పాలిష్ పట్టిస్తే టూలు గీతలు మరలాగా మిగలకూడదు, ఆ గీతలే ఆయిల్‌ను బయటికి నడిపిస్తాయి.

కవరు బిగించడంలో చాలామంది తొందరపడతారు. ముందు బోల్టులన్నీ వదులుగా ఎక్కించండి. ఆయిల్ రాసిన పుల్లీని సీలులోంచి లోపలికి దోపండి. పుల్లీయే కవరును నడిమికి తెస్తుంది. అప్పుడు బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. పుల్లీ లేకుండా కవరు బిగిస్తే సీలు ఒక పక్కకు ఒరిగి, ఆ పక్కే అరుగుతుంది.

ట్యాపెట్ సైడ్ కవర్లు

మ్యానిఫోల్డ్ కింద దాక్కుని ఉండే ఈ రెండు మూతలు ఇంజను బయట ఉన్నప్పుడు అయిదు నిమిషాల పని. బండిలోకి ఎక్కించాక ఒక పూట పని. కాబట్టి ఇప్పుడే రెండింటికీ కార్క్ ప్యాకింగులు కొత్తవి వేయండి. ఒక్కో కవరుకు నడిమిలో ఒకటే బోల్టు. అది గట్టిగా బిగిస్తే నడుము లోపలికి పోయి అంచులు లేస్తాయి. ఈ కుటుంబపు ఇంజన్ల మాన్యువళ్లలో దీనికి చెప్పిన టార్కు 2 ఫుట్ పౌండ్లే, అంటే 2.7 న్యూటన్ మీటర్లు. ప్యాకింగును కవరుకు రబ్బరు సొల్యూషన్‌తో అతికించి, బ్లాకు వైపు పలచగా గ్రీజు రాయండి. బోల్టు తల కింద వాషరు కూడా కొత్తది వేయండి, మరల వెంట ఆయిల్ వస్తుంది.

ముందు కవరుకే బ్రీదర్ గొట్టం ఉంటుంది. దాన్ని, లోపలి జాలీతో సహా, రాత్రంతా పెట్రోలులో నానబెట్టి ఊదండి. నోటితో ఊదినప్పుడు ఏ అడ్డూ లేకుండా గాలి పోవాలి. మన ఎండాకాలపు దుమ్ము, ఆయిల్ ఆవిరి కలిసి అందులో తారులా పేరుకుంటాయి. ఆయిల్ పోసే మూతలోనూ గాలి దారి ఉన్న రకమైతే అదీ కడగండి.

సంపు

కార్క్ ప్యాకింగు దుకాణంలో రెండు వేసవులు వేలాడితే ఎండి కుదించుకుపోతుంది. రంధ్రాలు బోల్టులకు కలవవు, వంచితే విరుగుతుంది. పారేయకండి. గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెడితే మళ్లీ సాగుతుంది. తీసి పైతడి తుడిచి, సంపు మీద సరిపోల్చి, ఆరాక వాడండి. విరిగిందైతే మాత్రం వద్దు.

పక్క ముక్కలు రెండింటినీ బ్లాకుకు రబ్బరు సొల్యూషన్‌తో అతికించండి. ముందు, వెనక మెయిన్ క్యాపుల గాడుల్లో కూర్చునే కార్క్ పట్టీలను పొడవు సరిగ్గా కోయాలనే తాపత్రయంలో కురచ చేస్తుంటారు. పట్టీ చివరలు అంచు కన్నా ఒక మిల్లీమీటరు పైచిలుకు పొడుచుకుని ఉండాలి. సంపు నొక్కినప్పుడే అవి నిండుగా కూర్చుంటాయి. పట్టీ, పక్క ముక్క కలిసే నాలుగు మూలల్లో మాత్రం శనగగింజంత ఆర్టీవీ సిలికాన్ (గాలి తగిలితే గట్టిపడే రబ్బరు సీలెంటు) పెట్టండి. ఇంజన్లకు తయారుచేసినదే కొనండి. బాత్రూం, అక్వేరియంలకు వాడే, వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు.

అంచంతా మందంగా సిలికాన్ పామడం ప్రమాదం. బయటికి పిండుకొచ్చినంతే లోపలికీ పిండుకుంటుంది. ఆ తునక ఊడి పంపు జాలీకి అడ్డం పడితే ఆయిల్ ప్రెషర్ పోయి బేరింగులు కాలిపోతాయి.

బోల్టుల తలలు కోసి రెండు గైడు పిన్నులు చేసుకుని ఎదురెదురు మూలల్లో ఎక్కించండి, సంపు పైకి పెట్టేటప్పుడు ప్యాకింగు కదలదు. నడిమి నుంచి చివరలకు, మూడు విడతల్లో బిగించండి. టార్కు 6 ఫుట్ పౌండ్లు, దాదాపు 8 న్యూటన్ మీటర్లు. వీల్ నట్లకు వాడే పెద్ద టార్క్ రెంచి ఇంత తక్కువ కొలత చూపదు. పావు అంగుళం డ్రైవుది కావాలి. లేకపోతే రింగు పానాను తల దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని, మణికట్టు బలంతో మాత్రమే తిప్పండి. కార్క్ కాస్త నొక్కుకుని, అంచు దాటి ఉబ్బకముందే ఆపాలి.

డ్రెయిన్ ప్లగ్గు రాగి వాషరును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి, పైపొర రుద్దేస్తే మళ్లీ మెత్తబడుతుంది. ఆయిల్ పైపుల బాంజో బోల్టుల (నడిమిలో ఆయిల్ దారి ఉన్నవాటి) వాషర్లకూ ఇంతే.

పైన, పక్కన

రాకర్ కవరు ప్యాకింగును కవరుకే అతికించండి, హెడ్డు వైపు పొడిగా వదలండి. నట్ల కింది రబ్బరు బుష్షులు గట్టిపడి ఉంటే మార్చండి. 4 ఫుట్ పౌండ్లు మించొద్దు.

గిన్నె రకం ఆయిల్ ఫిల్టరు అయితే గాడిలోని పాత రబ్బరు రింగును సూదితో తవ్వి తీయాలి. అది నల్లగా, గాడి అడుగుకు అతుక్కుని, ఇనుములాగే కనిపిస్తుంది. దాని మీదే కొత్తది వేస్తే స్టార్టు చేసిన నిమిషంలో ఆయిల్ పిచికారీ కొడుతుంది.

మొదటి స్టార్టు

ఆర్టీవీ పూసినచోట 24 గంటలు ఆగండి. తర్వాత 20డబ్ల్యూ-50 ఆయిల్ డిప్‌స్టిక్కు పై గీత వరకు, గీత దాటకుండా పోయండి. ఎక్కువ పోస్తే వెనక గాడి తట్టుకోలేదు. స్పార్కు ప్లగ్గులు తీసి, ప్రెషర్ చూపించేదాకా స్టార్టరుతో తిప్పాకే ఇంజను వెలిగించండి.

వేడెక్కేదాకా నడిపి, ఆపి, పూర్తిగా చల్లారాక సంపు, రాకర్ కవరు బోల్టులను అదే టార్కుకు ఒక్కసారి సరిచూడండి. కార్క్ కూర్చుని కాస్త వదులవుతుంది. ఆ తర్వాత ప్రతి వారం పానా పెట్టే అలవాటు వద్దు, సంపు రంధ్రాలు మళ్లీ ఉబ్బేది అందుకే.

చివరికి హన్మకొండ నుంచి ములుగు దాకా వెళ్లి రండి. నిలకడగా ఒకే వేగంతో అంతదూరం నడిచాకే వెనక మెయిన్, బ్రీదర్ అసలు పని తెలుస్తుంది. వచ్చాక చదునైన చోట నిలిపి, కింద అట్టముక్క పరిచి తెల్లారి చూడండి. అట్ట మీద క్లచ్ హౌసింగు కింద రూపాయి బిళ్లంత మరక ఒకటి ఉంటే ఈ ఇంజనుకు అది మామూలే. అరచేయంత ఉంటే, గేరుబాక్సు దించే ముందు బ్రీదర్ మళ్లీ ఊడదీసి ఊదండి, డిప్‌స్టిక్కు చూడండి, రాకర్ కవరు వెనక మూలను పొడి బట్టతో తడమండి.